బార్లీ గింజల పాస్‌పోర్ట్

విత్తనాలకి కాపలా కాయడం ఒక ఉద్యోగమని మా అత్తగారు చివరిదాకా నమ్మలేదు. అమెరికాలో జీన్ బ్యాంక్‌లో పనిచేస్తున్నానని మొదటిసారి చెప్పినప్పుడు, "బ్యాంకులోనా? నువ్వు చదివింది వ్యవసాయం కదమ్మా" అన్నారు. "విత్తనాల బ్యాంక్ అత్తయ్యా" అంటే, ఒక నిమిషం ఆలోచించి, "అయితే పిట్టల్ని తోలాలా?" అని అడిగారు.

ఆవిడ మరీ తప్పేం అనలేదు. ముప్ఫై ఏళ్ళలో ఎలుకల్ని తోలాను, పురుగుల్ని తోలాను, ఒకసారి ఎయిర్ కండిషనర్‌లో గూడు పెట్టిన పిచ్చుకల జంటని కూడా తోలాను.

ఇప్పుడు రిటైరై నార్త్ కరోలినాలోనే, మోరిస్‌విల్ అనే ఊళ్ళో ఉంటున్నాను. మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "ఆంటీ, నేను ప్లాంట్ బ్రీడింగ్‌లో పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నా. జాబ్ ఎలా ఉంటుంది?" అని. చేతిలో పేపర్ ప్లేట్ పట్టుకుని, నిలబడి పులిహోర తింటూ చెప్పే జవాబు కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాయను, అది నాకే గుర్తులేదు. నాకు పని నేర్పినవాళ్ళ గురించి, నేను చేసిన రెండు తప్పుల గురించి రాస్తాను. మొదటి తప్పు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండోదానికి రాదు.

పని అంటే ఇదీ

బయట నార్త్ కరోలినా జూలై ఎండ మాడ్చేస్తుంటే, లోపల చలి కోటు వేసుకుని ముక్కు కారుతుండగా డబ్బాలు లెక్కపెట్టడం. కోల్డ్ రూమ్‌లో ప్రపంచంలోని బార్లీలు, ఓట్స్, గోధుమలు వేల రకాలు ఉంటాయి. గింజ శాశ్వతంగా బతకదు. అందుకని కొన్నేళ్ళకోసారి బయటికి తీసి, పొలంలో వేసి, కొత్త గింజ చేసి మళ్ళీ లోపల పెట్టాలి. ఎవరికైనా కావాలంటే పంపాలి. అంతే. బయటివాళ్ళకి చూపించడానికి ఏమీ ఉండదు. బాగా చేసినన్నాళ్ళూ మనం అక్కడ ఉన్నామని ఎవరికీ తెలియదు.

ప్రతి రకానికీ ఒక కాగితం ఉంటుంది. ఎక్కడ పుట్టింది, ఎవరు సేకరించారు, ఎలా వచ్చింది అన్నీ అందులో రాస్తాం. దాన్ని మా వాళ్ళు 'పాస్‌పోర్ట్' అంటారు. నేను హెచ్-1బీ మీద, మా ఆయన సామ్యూల్ డిపెండెంట్ వీసా మీద ఉన్న రోజులవి. డిపెండెంట్‌కి ఉద్యోగం చేసే వీలు లేదు. ఆయన ఇంట్లో ఉండి, మా అమ్మాయిని స్కూల్‌కి దింపి, నాకు లంచ్ బాక్స్ కట్టేవారు. "మీ బార్లీకి ఉన్నపాటి పేపర్స్ కూడా మనకి లేవు" అని నవ్వేవారు.

వాల్టర్

నా మొదటి బాస్ వాల్టర్. పొగాకు రైతు కొడుకు. పొడుగు మనిషి, పాత టోపీ, మాటలు తక్కువ. నా పేరు కరుణ. ఆయన నోట్లో అది 'కెరూనా' అయ్యేది, అన్నేళ్ళలో ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు. కానీ బాపట్లలో నేను చదివిన వ్యవసాయానికి, పొలంలో చేసే వ్యవసాయానికి మధ్య ఉన్న దూరమంతా నన్ను నడిపించింది ఆయనే. "కంప్యూటర్‌లో చూసి చెప్పకు. వెళ్ళి మొక్క దగ్గర వంగు" అనేవారు. వంగేదాన్ని. ఇప్పటి మోకాళ్ళ నొప్పులకి కారణం ఆయనే.

ఆయనకి దేవుడి తర్వాత దేవుడు తన గురువు. మా ఆఫీస్ వరండాలో ఆ గురువుగారి పెద్ద ఫోటో ఉండేది. గుండ్రటి కళ్ళజోడు, చేతిలో బార్లీ కంకులు. అందరూ ఆయన్ని ఓల్డ్ డాక్ అనేవారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీ నుంచి వచ్చి, మా పరిశోధన స్టేషన్‌లో పాతికేళ్ళు పనిచేశారు. మంచుకి తట్టుకునే ఆయన బార్లీ వేయని రైతు ఆ చుట్టుపక్కల లేడు. నేను చేరేనాటికే చనిపోయారు. ఆయన పేరు మీద మంచి పనికి ఏటా ఒక అవార్డ్ ఇచ్చేవారు. ఒక ఏడాది నాకూ ఇచ్చారు. ఫోటో కింద నిలబడి మురిసిపోతూ ఫోటో దిగాను.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. మనవరాళ్ళు ఈ రాష్ట్రంలోనే ఉన్నారు, మంచివాళ్ళు.

నేను వేయించిన బార్లీ

వాల్టర్ రిటైరయ్యాక బ్రాడ్ అని కొత్త డైరెక్టర్ వచ్చాడు. అప్పటికి నాకు ఐదారేళ్ళ అనుభవం. నాకు తెలియనిది లేదన్న ధీమా.

ఓల్డ్ డాక్ తెచ్చిన బార్లీలు కొన్ని పాతబడి మొలక తగ్గిపోతుంటే, ఉన్న గింజంతా పొలంలో వేయించాను. పంట బ్రహ్మాండంగా వచ్చింది. కోసి, నూర్చి, ఆరబెట్టే మిషన్‌లో పెట్టాను. వేడి తొంభై ఐదు మీద ఉంచి ఇంటికి వెళ్ళాను. ఇండియాలో సెల్సియస్‌లో పెరిగినదాన్ని, అమెరికా వచ్చి కష్టపడి ఫారన్‌హీట్‌కి అలవాటు పడ్డాను. స్టేషన్‌లో ఉన్న మిషన్లన్నీ ఫారన్‌హీటే. ఆ ఒక్కటి తప్ప. అది యూరప్ నుంచి కొన్నది, సెల్సియస్‌ది.

పొద్దున తలుపు తీస్తే గది నిండా కమ్మటి వాసన. ఒక్క క్షణం మా అమ్మమ్మ పెనం గుర్తొచ్చింది. తర్వాత గింజలు చేతిలోకి తీసుకుని చూశాను. విత్తనాలు కావవి, వేయించిన పేలాలు.

ఏడుస్తూ వాల్టర్‌కి ఫోన్ చేశాను. అంతా విని, "వాసన బాగుందా?" అన్నారు.

"బాగుంది" అన్నాను ముక్కు చీదుతూ.

"అయితే నీకు వంట వచ్చు. సరే, విను. కోల్డ్ రూమ్‌లో చివర ఒక ఇనప బీరువా ఉంది. అడుగు అరలో డాక్ తనతో తెచ్చుకున్న గాజు గొట్టాలుంటాయి. మైనంతో సీల్ చేసినవి. నా సర్వీస్‌లో ఎవరూ తెరవలేదు. అందులో కొన్నయినా బతికుంటాయి."

కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. తప్పు చేసిన గంటలోపు చెప్పండి. అప్పుడే దారి చెప్పేవాళ్ళు దొరుకుతారు. బార్లీ మాడినప్పుడు ఈ మాట పాటించాను. ఆ తర్వాత జరిగినదాంట్లో పాటించలేకపోయాను.

ఒక్సానా చదివిన ఊరు

ఆ వారాల్లోనే యుక్రెయిన్ నుంచి ఒక్సానా అనే అమ్మాయి ట్రైనింగ్ కోసం మా దగ్గరికి వచ్చింది. ముప్ఫై లోపు వయసు, పెద్ద గొంతు, నేను తెచ్చే గోంగూర పచ్చడిని బ్రెడ్ మీద రాసుకుని తినేది. బీరువా తెరవడానికి నాకు తోడొచ్చింది.

గాజు గొట్టాలు తెచ్చి బయట బల్ల మీద పరిచాం. మీద జర్మన్‌లో టైప్ చేసిన లేబుళ్ళు. జూలై ఉక్కకి చల్లటి గాజు మీద చెమట పట్టింది. చూస్తుండగానే ఒక లేబుల్ జారి ఊడిపోయింది. కింద ఇంకో లేబుల్ ఉంది, వేరే లిపిలో, చేత్తో రాసింది.

ఒక్సానా వంగి చదివింది. మళ్ళీ చదివింది. "కరుణా, ఇది మా ఊరు."

"ఏది?"

"ఈ ఊరు. మా ప్రొఫెసర్ పనిచేసే స్టేషన్. ఇవి మా బార్లీలు."

మిగతావి కూడా తుడిచి చూశాం. ఒక్కొక్కటే ఊడింది. అన్నిటి కిందా అదే గుండ్రటి చేతిరాత.

అప్పుడు చెప్పింది ఒక్సానా. వాళ్ళ ప్రొఫెసర్ పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ స్టేషన్‌లో కూలీగా చేసేవాడట. నాజీల సైన్యం ఆ ప్రాంతాన్ని ఆక్రమించాక, యూనిఫామ్‌లో ఒక శాస్త్రవేత్త మనుషుల్ని వెంటేసుకుని వచ్చి, రెండు రోజుల పాటు విత్తనాలన్నీ బళ్ళకెక్కించాడట. ఆ విత్తనాల బాధ్యత చూసే ఆవిడ కొంత నేల కింద దాచింది. దొరికిపోయింది. ఆవిణ్ణి తీసుకెళ్ళారు, మళ్ళీ ఎవరూ చూడలేదు. ఈ గుండ్రటి చేతిరాత ఆవిడదే అయ్యుండాలి.

బీరువాలోనే ఒక నోట్‌బుక్ కూడా ఉంది. యూనివర్సిటీలో జర్మన్ చెప్పే ఒక మేడమ్ చేత చదివించాను. చాలావరకు మన రోజూ పనే: ఏది ఎప్పుడు వేశారు, ఏది మంచుకి తట్టుకుంది. మధ్యలో ఒక పేజీలో మేడమ్ ఆగిపోయారు. "పొలం పనికి ఖైదీలు చాలడం లేదు. కొందరు లేవలేకపోతున్నారు. వేరేవాళ్ళని పంపమని రాశాను" అని ఉంది. ఆ కింది వాక్యం, "బార్లీ చక్కగా కంకి వేసింది."

ఓల్డ్ డాక్ ఉద్యోగ జీవితం

తర్వాతి రోజుల్లో నేను కూడబెట్టుకున్నది ఇది. చిన్న రైతు కొడుకు. బార్లీ మీద డాక్టరేట్. తెలివైనవాడు, ఉద్యోగం లేదు. పార్టీలో చేరాడు, ఉద్యోగం వచ్చింది. యూనిఫామ్ వేసుకున్నాడు, సొంత స్టేషన్ వచ్చింది. దేశాలు ఆక్రమిస్తున్నకొద్దీ కొత్త పొలాలు, కొత్త విత్తనాలు, జీతం ఇవ్వక్కర్లేని మనుషులు వచ్చారు. యుద్ధం ఓడిపోయాక గెలిచినవాళ్ళు కొన్ని నెలలు ప్రశ్నలడిగారు. బార్లీ తెలిసిన మనిషి కావాల్సి వచ్చి ఇక్కడివాళ్ళు తెచ్చుకున్నారు. ఫారమ్‌లో 'వ్యవసాయ సలహాదారు' అని రాసుకున్నాడు. పాతికేళ్ళ తర్వాత కేక్ కోసి రిటైరయ్యాడు.

మీలో కొందరు అడుగుతారు, మరి ఆయన సైన్స్ మంచిదేనా అని. మంచిదే. నోట్లు శుభ్రంగా ఉన్నాయి. స్టూడెంట్స్‌ని ప్రేమగా చూసుకున్నాడు, క్రిస్మస్‌కి ఇంట్లో చేసిన కేకులు పంచాడు. అదే నన్ను భయపెట్టింది. రాక్షసుడైతే మనకి సుఖం, మనం అలా కాదు కదా అనుకోవచ్చు. ఆయన మనలాగే మొక్కల మధ్య వంగి, కంకి వేసిందా లేదా అని చూసుకున్న మనిషి. పక్కన పడిపోయిన మనిషిని చూడకూడదని నిర్ణయించుకున్నాడు, అది కాగితం మీద పెట్టాడు కూడా. నా పని నేను చూసుకున్నాను అనేది జవాబు కాదని నాకు అర్థమైంది అక్కడే.

పద్నాలుగు నెలలు

బ్రాడ్‌కి చెప్పబోయాను. పాస్‌పోర్ట్‌లో జర్మనీ అని ఉంది, మార్చాలేమో అని మెల్లగా మొదలుపెట్టాను. అతను నవ్వి, "కరుణా, బార్లీకి ఏ దేశమైతే ఏంటి? అన్నట్టు, నీ గ్రీన్ కార్డ్ లెటర్ మీద వచ్చే వారం సైన్ చేస్తాను" అన్నాడు. బెదిరించాడని అనను. రెండు మాటలూ పక్కపక్కన వచ్చాయంతే. నాకు చాలు, నోరు మూతపడింది.

ఇంట్లో సామ్యూల్‌కి చెప్పాను. ఆయన స్టవ్ దగ్గరే నిలబడి విన్నారు. "నీకేమనిపిస్తే అది చెయ్యి. బట్టలు సర్దుకోమంటే సర్దుకుంటాను" అన్నారు. ఆయన ఆగమనలేదు. ఆగింది నేనే. ఉద్యోగం పోతే ఉన్నపళంగా దేశం వదలాలి, మా అమ్మాయి స్కూల్ మధ్యలో ఉంది.

ఒక్సానా వెళ్ళే రోజు ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేస్తూ, "కొంచెం టైమ్ ఇవ్వు. నా పేపర్స్ రానీ" అన్నాను.

తను కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను ఆగగలను. మా ప్రొఫెసర్‌కి డెబ్బై ఐదు" అంది.

వరండాలోని ఫోటో కాపీ తనతో తీసుకెళ్ళింది. నెల తిరగకుండా ప్రొఫెసర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఒక్సానా ఇంగ్లీష్‌లోకి మార్చిన కాగితంతో పాటు. ఆ రోజు వచ్చిన మనిషి ఇతనే అని రాశారు. కళ్ళజోడు కూడా అదే అని. చివర్లో, "ఆ గింజలు బతికున్నాయని విన్నాను. చాలా సంతోషం. ఒకసారి చూడాలని ఉంది" అని ఉంది.

ఆ ఉత్తరం నా సొరుగులో పద్నాలుగు నెలలుంది. ఈలోగా గాజు గొట్టాల్లోని గింజల్ని తడిగుడ్డల మధ్య పెట్టాను. చాలావరకు మొలవలేదు. మొలిచినవాటిని పసిపిల్లల్లా చూసుకుని, పొలంలో పెట్టి, గింజ చేశాను. ఆరబెట్టేటప్పుడు మిషన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అదంతా చేస్తే తప్పు తగ్గుతుందనుకున్నాను కాబోలు.

పదమూడో నెలలో ప్రొఫెసర్ పోయారని ఒక్సానా మెయిల్ చేసింది. ఒకటే లైన్. నన్నేమీ అనలేదు. తర్వాతి నెల గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆ వారమే స్టేషన్ వ్యవహారాలు చూసే కమిటీకి అన్నీ రాసి ఇచ్చాను, అవార్డ్‌కి ఆ పేరు తీసెయ్యమని కూడా. చర్చిలో ఎవరైనా "ఎంత ధైర్యం ఆంటీ మీకు" అంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ధైర్యం కావాల్సిన రోజుల్లో నా దగ్గర లేదు. అవసరం తీరాక వచ్చింది.

వాల్టర్ ఇంట్లో

కమిటీకి ఇచ్చేముందు వాల్టర్‌కి చెప్పాలనిపించింది. ఆయన ఫామ్ గంట దూరం. వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తున్నారు. గొట్టం, లేబుళ్ళు, నోట్‌బుక్‌లోని ఆ పేజీ అనువాదం అన్నీ బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివారు.

"ఒకసారి అడిగాను ఆయన్ని, ఇవెక్కడివని" అన్నారు చివరికి. "నేను తీసుకురాకపోతే తగలబడిపోయేవి, కాపాడాను అన్నాడు. ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. నాకు ఆయనంటే ఇష్టం, కెరూనా."

"తెలుసు" అన్నాను.

"ఇప్పటికీ ఇష్టమే. అదేం చెయ్యాలో తెలీడం లేదు."

చిక్కుడుకాయల గిన్నె నా ముందుకి జరిపారు. ఇద్దరం వొలిచాం. గిన్నె నిండాక, "ఆ మీటింగ్ ఎప్పుడు?" అన్నారు.

మీటింగ్‌కి సూట్ వేసుకుని వచ్చారు. ఆయన్ని సూట్‌లో చూసి అందరూ ఎవరో పోయారేమో అనుకున్నారు. కమిటీలో ఒకరు, యాభై ఏళ్ళ నాటి సంగతి, అవార్డ్ పేరు మార్చడం ఎందుకు అన్నారు. బ్రాడ్ కూడా తలూపాడు. వాల్టర్ లేచారు. "ఆయన దగ్గర చదివినవాళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే. ఆ ఫోటో పెట్టించింది నేను. నిచ్చెన ఇస్తే నేనే దింపుతాను" అన్నారు. నిచ్చెన ఎవరిదో వాళ్ళు తెచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి ఎక్కుతుంటే కింద పట్టుకున్నది బ్రాడ్. ఆ మాట కూడా రాయాలి. కిందికి దిగాక బ్రాడ్ నన్ను పిలిచి, "నువ్వు మొదటిసారి చెప్పినప్పుడు నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి వినాల్సింది" అన్నాడు. బాస్‌ల నోట అలాంటి మాట నేను సర్వీస్ మొత్తంలో రెండుసార్లే విన్నాను.

పాస్‌పోర్ట్ మార్చాం. పుట్టిన చోటు, ఎవరు సేకరించారు, ఎలా వచ్చింది అన్నీ నిజం రాశాం. ఆ చేతిరాత ఆవిడ పేరు ఒక్సానా కనుక్కుని పంపింది. సేకరించినవారు అన్న చోట ఆ పేరు నా చేత్తో రాశాను. ఒక్సానా వాళ్ళ స్టేషన్‌కి తిరిగి పంపే విత్తనాలు కవర్లలో కట్టడానికి వాల్టర్ కూడా వచ్చారు. రెండు రోజులు నా పక్కన కూర్చుని, మొద్దు వేళ్ళతో గింజలు లెక్కపెడుతూ, లెక్క తప్పినప్పుడల్లా తిట్టుకుంటూ కట్టారు. సామ్యూల్ మా అందరికీ బిర్యానీ తెచ్చారు. వాల్టర్ కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండోసారి వడ్డించుకున్నారు.

ఆ వసంతంలో ఒక్సానా ఫోటో పంపింది. ఆ స్టేషన్ పొలంలో పచ్చటి బార్లీ వరసలు, చివర మోకాళ్ళదాకా బురదతో తను. వెనక రాసింది: "ప్రొఫెసర్ సమాధి ఇక్కడికి దగ్గరే. ఒక గుప్పెడు అక్కడ కూడా వేశాను."

వాళ్ళు పంపినవి

వాల్టర్ ఇంకో పదేళ్ళు బతికి, నిద్రలో వెళ్ళిపోయారు. నేను రిటైరయ్యే ఏడాది ఒక్సానా దేశంలో మళ్ళీ యుద్ధం వచ్చింది. ఫోన్ చేసి నెమ్మదిగా మాట్లాడింది. తన పెద్ద గొంతు అంత చిన్నగా వినడం అదే మొదటిసారి.

"స్టేషన్ ఉంటుందో లేదో తెలీదు. ఒక సెట్ మీ దగ్గర పెట్టగలవా?"

"పంపు. ఇవాళే పర్మిట్ పనులు మొదలుపెడతాను."

"కరుణా, ఈసారి మేమే పంపిస్తున్నాం. అది సరిగ్గా రాయి."

"రాస్తాను. ఎన్నాళ్ళుంచమంటావు?"

"మేము అడిగేదాకా."

పెట్టె వచ్చాక నా సర్వీస్‌లో ఆఖరి పనిగా దాన్ని లోపల పెట్టాను. ఇచ్చినవారు అన్న చోట ఒక్సానా పేరు, దాని కింద యజమానులు వాళ్ళేనని, అడిగిన వెంటనే ఇవ్వాలని రాసి సంతకం చేశాను. తర్వాత కేక్ కోశారు, నేను రిటైరయ్యాను.

మొన్న సెప్టెంబర్‌లో నా చోట చేరినావిడ ఫోన్ చేసింది. "వాళ్ళు అడిగారు. కొంత భాగం వేసుకుంటారట. మీరొచ్చి ప్యాక్ చేస్తారా?" అంది. సామ్యూల్ అప్పటికే కారు తీస్తున్నారు.

నవంబర్ మొదట్లో, ఆదివారం చర్చి పార్కింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాను. ఒక్సానా హలో కూడా అనలేదు. "మొలిచాయి!" అని అరిచింది, తన పాత గొంతుతో. పక్క కారువాళ్ళు తలలు తిప్పి చూశారు.